‘చెంప మీద చెయ్యి పడింది’ అన్న మాటను ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు నుంచి)

మా మేనమామ గారు పోయిన ఏడాది కాలం చేశారు. ముప్పై ఏళ్లకు పైగా బస్సు కండక్టరుగా పనిచేసిన ఆయన కవిత్వం రాస్తారన్న సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆయన ట్రంకుపెట్టె సర్దుతుంటే అడుగున ఒక పాత డైరీ దొరికింది. అందులో పదకొండు కవితలున్నాయి. వచ్చే నెల సంవత్సరీకానికి వాటిని చిన్న పుస్తకంగా అచ్చు వేయించి బంధువులకు పంచాలని పూనుకున్నాను. పది కవితల విషయంలో ఎవరికీ అభ్యంతరం లేదు. పదకొండోది చదివాక మా అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. శీర్షిక లేని ఆ కవిత ఇది:

మాఘమాసపు రాత్రి
కొట్టు కట్టేసి నాన్న వచ్చాడు.
అమ్మ లాంతరు ఒత్తి తగ్గించింది.
నేను నిద్రపోయినట్టు పడుకున్నాను.
చెంప మీద చెయ్యి పడింది,
తెల్లవార్లూ మండింది.
‘ఏడవకు నాన్నా’ అంటూ
చీకట్లో ఎవరో ఏడ్చారు.
పొద్దున్నే అమ్మ తెచ్చిన కొబ్బరినూనె
ముందు ఎవరికి రాసిందో గుర్తు లేదు.
ఇప్పటికీ ఎర్రటి కల్లం పక్కగా బస్సు పోతుంటే
నా చెంప నాకంటే ముందు తిరుగుతుంది.

మా తాతయ్య గుంటూరులో మిరపకాయల కొట్లలో మూటలు మోసే ముఠా పని చేసేవారు. నేను పుట్టకముందే పోయారు కాబట్టి ఆయన స్వభావం గురించి నాకు స్వయంగా తెలిసింది ఏమీ లేదు. మొదటిసారి చదివినప్పుడు, తండ్రి రాత్రిపూట ఇంటికి వచ్చి నిద్రపోతున్న పిల్లవాడిని చెంపదెబ్బ కొట్టాడనే నేను అనుకున్నాను. మా వారు చదివి, కారం అంటిన చేత్తో బిడ్డ చెంప నిమిరితే మంట పుట్టిందని, ఇందులో కొట్టడమే లేదని అన్నారు. అమ్మ మాత్రం ‘మా నాన్న నా మీద గానీ అన్నయ్య మీద గానీ ఏనాడూ చెయ్యెత్తి ఎరగడు, దీన్ని అచ్చు వేస్తే చచ్చిపోయిన మనిషికి మచ్చ తెచ్చినట్టే’ అంటోంది. అయితే మామయ్య అమ్మకంటే ఆరేళ్లు పెద్ద. ఆ రాత్రికి అమ్మ పుట్టి ఉందో లేదో కూడా తెలియదు.

నేను అడిగేది ఇది. ఈ పన్నెండు పంక్తుల్లో ఉన్న మాటలను బట్టి, బయటి ఊహలను కాకుండా, ఆ తండ్రి కొట్టాడని చెప్పవచ్చా, కొట్టలేదని చెప్పవచ్చా? రెండూ చెప్పలేకపోతే అది రాసినవారి లోపమా? తెలిసినవారు దయచేసి వివరంగా రాయగలరు.

సమాధానం (సత్యనారాయణపురం, విజయవాడ నుంచి ఒక విశ్రాంత తెలుగు అధ్యాపకుడు)

అమ్మా, ముందుగా మీ మేనమామ గారికి నమస్కారం. మాటల బరువు తెలిసినవారు రాసిన కవిత ఇది.

మన భాషలో చెయ్యి అనే మాట పక్కన ఏ క్రియ చేరిందన్నదాన్ని బట్టి దాని స్వభావమే మారిపోతుంది. ‘చెయ్యి వేశాడు’ అంటే చాలా సందర్భాల్లో ఆప్యాయత, ‘చెయ్యి చేసుకున్నాడు’ అంటే నిస్సందేహంగా దెబ్బ, ‘చెయ్యి ఇచ్చాడు’ అంటే ఆసరా కావచ్చు, మోసమూ కావచ్చు. మీ మామయ్య గారు వీటిలో ఏదీ వాడకుండా ‘చెయ్యి పడింది’ అన్నారు. పడటం అకర్మక క్రియ. దెబ్బ పడుతుంది, వాత పడుతుంది. అక్షింతలూ పడతాయి, చల్లని చూపూ పడుతుంది. తరువాతి పంక్తిలో ‘మండింది’ అన్నదానికి కర్తే లేదు. మండింది చెంపా, చెయ్యా? వ్యాకరణం రెంటినీ ఒప్పుకుంటుంది. ఇక ‘ఏడవకు నాన్నా’ అన్న సంబోధన చూడండి. మన ఇళ్లలో బిడ్డ తండ్రిని పిలిచేదీ ఆ మాటతోనే, పెద్దవాళ్లు బిడ్డను బుజ్జగించేదీ ఆ మాటతోనే. దానికి తోడు ‘ఎవరో ఏడ్చారు’ అనడంతో ఏడ్చింది ఆడో మగో, ఒకరో ఇద్దరో తేలకుండా పోయింది. ఆఖరున చెంప ‘తిరుగుతుంది’ అన్నారే గాని అటా ఇటా అన్నది చెప్పలేదు. స్పర్శ కోసం చెంప చాచడమూ తిరగడమే, దెబ్బ తప్పించుకోవడమూ తిరగడమే.

ఇన్నిచోట్ల రెండు దారులు తెరుచుకున్నాయంటే అది పొరపాటున జరిగేది కాదు. అయినా మీరు లోపమా అని అడిగారు కాబట్టి ఒక మాట చెప్పాలి. సంస్కృతంలో కావ్యప్రకాశం రాసిన ఆలంకారికుడు మమ్మటుడు పదదోషాలను లెక్కపెట్టినప్పుడు ‘సందిగ్ధం’ అనేదాన్ని కూడా అందులో చేర్చాడు. ఒక మాట ఈ అర్థమా ఆ అర్థమా అని పాఠకుణ్ణి నిలబెట్టేస్తే దోషమే. కాని పైకి నిందలా కనపడి లోపల పొగడ్తగా, లేదా పొగడ్తలా కనపడి నిందగా తేలే వ్యాజస్తుతి వంటి చోట ఆ సందిగ్ధతే గుణమవుతుందని కూడా ఆ సంప్రదాయం ఒప్పుకుంది. ఇక్కడ శ్లేష, అంటే ఒకే మాటకు రెండు అర్థాలు కల్పించే అలంకారం, ఉందని ఎవరైనా అంటే నేను అంగీకరించను. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం రామకథగానూ భారతకథగానూ నడుస్తుంది. రెండు అర్థాలూ నిండుగా నిలబడతాయి, ఒకదాన్ని చూసి మరొకటి తడబడదు. ఈ కవితలో అలా కాదు. ఒక అర్థం నిలబడబోతుంటే రెండోది దాని కాళ్ల కింద నేలను లాగేస్తుంది. ఆ రాత్రి కళ్లు మూసుకుని పడుకున్న పిల్లవాడికి ఎంత తెలిసిందో పాఠకుడికీ అంతే తెలియాలన్నది కవి సంకల్పం అని నా అభిప్రాయం.

రెండో పంక్తిలోని ‘కొట్టు’ను కూడా గమనించండి. దుకాణమూ అదే, దెబ్బ వేసే క్రియాధాతువూ అదే. ‘కొట్టు కట్టేసి’ వచ్చిన తండ్రి కొట్టడాన్ని మూటగట్టి బయట పెట్టి వచ్చాడా అన్న ఊహ నాకు కలిగింది. దీని మీద నేను గట్టిగా వాదించను.

సమాధానం (నల్లపాడు, గుంటూరు నుంచి)

పై మాస్టారు గారి వివరణ చాలా బాగుంది గాని, కొట్టు విషయంలో మాత్రం నాకు అభ్యంతరముంది. గుంటూరులో మిర్చి వ్యాపారంతో సంబంధమున్న ఏ ఇంట్లోనైనా ‘కొట్టు కట్టేశారా’, ‘కొట్టుకు పోయాడు’ అన్న మాటలు రోజుకు పదిసార్లు వినపడతాయి. అందులో ఇంకో అర్థం వెతికితే మా ఊరివాళ్ల ప్రతి మాటలోనూ వెతకవలసి వస్తుంది.

మా నాన్న కూడా ముఠా కార్మికుడే. సంక్రాంతి దాటాక సరుకు రావడం మొదలై ఏప్రిల్ దాకా ఊపిరి సలపని పని ఉంటుంది. మాఘమాసం అంటే సరిగ్గా ఆ రోజులే. ఈ కవితలో మొదటి మాటే కాలాన్ని పట్టిస్తోంది. నలభై కిలోలకు పైబడిన టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, మెడ మీదికి ఎత్తుకుని మోసేవాడికి చేతులే కాదు, మెడ, చెవుల వెనక, కనురెప్పలు కూడా మండుతాయి. ఆ మంట నీళ్లతో పోదు. మిరపకాయలో ఘాటు పుట్టించే పదార్థం నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే కడిగిన కొద్దీ మంట ఇంకా పాకినట్టు ఉంటుంది, నూనె రాస్తే కాస్త దిగుతుంది. కవితలో తల్లి తెచ్చింది కొబ్బరినూనె అన్నది ఆ ఇంటి నిజం. చెంపదెబ్బకు కొబ్బరినూనె ఎవరూ రాయరు. పైగా ‘ముందు ఎవరికి రాసిందో’ అంటే ఇద్దరికీ రాసిందనే కదా అర్థం. ఇద్దరికీ ఒకే మంట, ఒకే మందు.

నా చిన్నతనపు సంగతి ఒకటి చెబుతాను. మా నాన్న ఇంటికి రాగానే గిన్నెడు మజ్జిగలో రెండు చేతులూ ముంచుకుని అరుగు మీద కూర్చునేవాడు. మేము పరుగెత్తుకుని పోతే అరచేతులు రెండూ పైకెత్తి, మోచేతులతో మమ్మల్ని దగ్గరికి అదుముకునేవాడు. వేళ్లు మాకు తగలకుండా అలా పట్టుకోవడం ఆయనకు అలవాటు. బయటినుంచి చూసేవాడికి ఆ చేతులు కొట్టడానికి లేచినట్టే కనపడతాయి. అందుచేత ఈ కవితలోని తండ్రికి తన చెయ్యి బిడ్డను కాలుస్తుందని తెలియకపోవడం అసంభవం. తెలిసీ, పిల్లవాడు నిద్రపోయాడనుకుని, ఒక్కసారి ఆగలేక చెంప మీద చెయ్యి వేశాడు. బిడ్డ ఏడ్చాక ‘ఏడవకు నాన్నా’ అంటూ తానే ఏడ్చాడు. మీ అమ్మగారికి ఈ మాట చెప్పండి.

సమాధానం (మొగల్రాజపురం, విజయవాడ నుంచి)

పై సమాధానం నా మనసును కదిలించింది. అయినా కవితను పూర్తిగా ఆ వైపుకు లాగడం న్యాయం కాదని అనిపిస్తోంది. తల్లి లాంతరు ఒత్తి ఎందుకు తగ్గించింది? భర్త ఇంటికి వచ్చి అన్నం తినవలసిన వేళ దీపం పెంచుతారు గాని తగ్గించరు. పిల్లవాడు ‘నిద్రపోయాను’ అనకుండా ‘నిద్రపోయినట్టు పడుకున్నాను’ అని ఎందుకన్నాడు? తండ్రి అడుగుల చప్పుడు వినగానే ఇల్లంతా ఊపిరి బిగబట్టే ఇళ్లను నేను ఎరుగుదును. అటువంటి ఇంట్లోనే పెరిగాను. మగవాడు కొట్టి, ఆ తరువాత తానే ఏడ్చి, బిడ్డను ‘నాన్నా’ అని బుజ్జగించడం కూడా ఆ ఇళ్లలో జరిగేదే. నూనె గురించి చెప్పింది నిజమే కావచ్చు. కాని మిర్చి పని చేసే తండ్రి చేతికి తల్లి ప్రతిరోజూ పొద్దున్నే నూనె రాస్తుంది, దెబ్బ వేసినా వేయకపోయినా. కాబట్టి నూనె వల్ల చేతిలో కారం ఉందని తేలుతుందే తప్ప, ఆ చెయ్యి ఎంత వేగంతో వచ్చిందో తేలదు.

మంచి తండ్రి అని నిరూపించడం కోసం పిల్లవాడి భయాన్ని కొట్టిపారేయవద్దని మాత్రమే నా మనవి.

సమాధానం (గుంటూరు దగ్గర పల్లె నుంచి)

అందరూ పెద్ద చదువులు చదివినవారు రాశారు. నేను ఇంటర్ వరకే చదివాను, తప్పుంటే క్షమించండి. ఇన్ని సమాధానాలు చదివాక నాకు ఒక సందేహం వచ్చింది. ఆ చెయ్యి తండ్రిదని కవితలో ఎక్కడుంది?

మిరపకాయలకు తొడిమలు తీసే పని మా వైపు ఆడవాళ్లదే. మగవాళ్లు మూటలు మోస్తారు, కాటాలు వేస్తారు. కాయను ఒక్కొక్కటిగా వేళ్లతో పట్టుకుని తొడిమ విరిచేది మేము. మూట మోసేవాడికి గోనె అడ్డం ఉంటుంది, మాకు ఏదీ అడ్డం ఉండదు. తొడిమ విరిగినచోట కాయ తెరుచుకుంటుంది, గింజలు పట్టుకుని ఉండే తెల్లటి ఈనె అక్కడినుంచే మొదలవుతుంది, ఘాటు ఎక్కువగా ఉండేది ఆ ఈనెలోనే. పొద్దుటినుంచి సాయంత్రం దాకా కూర్చుంటే బొటనవేలు, చూపుడువేలు కొసలు ఎర్రగా ఉబ్బి, రాత్రి దుప్పటి తగిలినా మండుతాయి. పనికి కూర్చునేముందు నూనె రాసుకుంటాం. నా పాపకు ఏడాది నిండేదాకా సీజన్లో పాలిచ్చే ముందు చేతులకు గుడ్డలు చుట్టుకునేదాన్ని. ఒక రాత్రి మరిచిపోయి దాని మొహం తుడిచాను. అది ఎంత ఏడ్చిందో, దానితోపాటు నేనూ అంతే ఏడ్చాను. ‘ఏడవకు నాన్నా, ఏడవకు’ అనే అన్నాను. ఆడపిల్లనైనా మేము నాన్నా అనే పిలుస్తాం.

కవితలో తండ్రి ఇంటికి వచ్చాడు, అంతే. తరువాత కదిలింది తల్లి. లాంతరు తగ్గించింది తల్లి. పిల్లవాడికి దగ్గరగా ఉన్నది తల్లి. అలసి వచ్చిన మనిషికి నిద్ర పట్టాలని, పిల్లవాడు అల్లరి చేయకుండా బుగ్గ మీద తడుతూ జోకొట్టి ఉండవచ్చు. లేదా, పై మేడమ్ గారు అన్నట్టు భయమున్న ఇల్లే అయితే, వాడు కిక్కురుమనకుండా నోరు మూయబోతే చెయ్యి చెంప మీద పడి ఉండవచ్చు. పొద్దున్నే నూనె తెచ్చిన తల్లి ముందు రాసింది తన చేతికేనేమో. ఆవిడ తొడిమల పనికి పోయేదో లేదో నాకు తెలియదు. మీరే కనుక్కోవాలి.

ప్రశ్న అడిగినవారి ప్రత్యుత్తరం (బ్రాడీపేట, గుంటూరు)

అందరికీ కృతజ్ఞతలు. పై సమాధానం చదివిన రాత్రి నేను అమ్మ దగ్గర కూర్చుని, తాతయ్య మాట ఎత్తకుండా, అమ్మమ్మ ఏ పని చేసేదని మాత్రమే అడిగాను. అమ్మ వెంటనే ‘తొడిమల పని. ఆవిడ చేత్తో ఎప్పుడు అన్నం కలిపి పెట్టినా అందులో కారం లేకపోయినా కారంగానే ఉండేది’ అంది. అంటూనే ఆగిపోయింది. తరువాత తానే లేచి వెళ్లి డైరీ తెచ్చుకుంది. అమ్మకు జ్ఞాపకమున్నంతవరకు అమ్మమ్మ వేసవి వచ్చేదాకా పిల్లల తల దువ్వేది కాదట. పక్కింటి ఆవిడ చేత దువ్వించేదట. ఆ దువ్వకపోవడాన్ని అమ్మ ఇన్నేళ్లూ వేరే విధంగా అనుకుందట. ఎలా అనుకుందో నేను అడగలేదు.

ఇంకొకటి చెప్పాలి. మొదట రాసినప్పుడు ముఖ్యం కాదనుకుని వదిలేసిన సంగతి ఇది. డైరీలో ‘పడింది’ అన్న మాట పైన ఒక కొట్టివేత ఉంది. నీలం సిరాతో రెండు గీతలు గీశారు గాని అడుగున ఉన్న మాట కనపడుతూనే ఉంది. ముందుగా మామయ్య రాసింది ‘చెంప మీద చెయ్యి వేశాడు’ అని. దాన్ని కొట్టివేసి ‘పడింది’ అని దిద్దారు. అంటే ఒకప్పుడు ఆయన మనసులో ఆ చెయ్యి తాతయ్యదే, మెత్తగానే వేశాడు. మరి దిద్దినప్పుడు తండ్రిని ఎందుకు తీసేశారు? తాతయ్య వేయలేదని గుర్తొచ్చా? మెత్తగా వేయలేదని గుర్తొచ్చా? ఈ కొట్టివేతను చూశాక అమ్మ కవితను వద్దనడం మానేసింది. పుస్తకంలో ‘వేశాడు’ అని వేయమంటోంది. అన్నయ్య చేత్తో రాసిన మాటే కదా అంటోంది. అలా వేయవచ్చా?

సమాధానం (సత్యనారాయణపురం, విజయవాడ)

వేయకూడదమ్మా. కవి కొట్టివేసిన మాటను కవితలోకి తిరిగి తెచ్చే హక్కు మనకు లేదు, అది ఎంత చల్లని మాటైనా సరే. అమ్మగారికి నా మాటగా చెప్పండి: ‘పడింది’ అని దిద్దింది కూడా ఆ అన్నయ్య చెయ్యే. ఆమెకు కావలసింది ఆ కొట్టివేతే అయితే, డైరీలో ఆ పుటను ఫొటో తీయించి కవితకు ఎదురుగా వేయండి. కింద ఏ వివరణా రాయవద్దు.

నా మొదటి సమాధానంలోని తప్పును కూడా ఒప్పుకోవాలి. ‘మండింది’కి కర్త లేదని, ‘ఏడ్చింది’ ఎవరో తెలియదని అంత వివరంగా రాసిన నేను, ‘పడింది’ దగ్గర ఆ చెయ్యి తండ్రిదేనని నాకు నేనే అనుకుని ముందుకు పోయాను. తల్లి చేతి సంగతి నాకు తట్టనే లేదు. తొడిమల పని గురించి రాసిన అమ్మాయికి నా అభినందనలు. ఇంటర్ వరకే చదివానని ఇంకెప్పుడూ రాయవద్దని ఆమెకు నా మాటగా తెలియజేస్తున్నాను.

ప్రశ్న అడిగినవారి ప్రత్యుత్తరం

అలాగే చేస్తున్నాను మాస్టారు. పుటను ఈ ఉదయం ఫొటో తీయించాను. అమ్మ పక్కనే నిలబడి, డైరీ మడత మీద అరచెయ్యి ఆనించి, పుట ఎగరకుండా పట్టుకుంది. ఫొటోలో ఒక అంచున అమ్మ బొటనవేలు కూడా పడింది. తీసేయమంటారా అని స్టూడియో కుర్రవాడు అడిగితే అమ్మ ఉండనిమ్మంది.